ఫస్ట్ పర్సన్ గేమ్ ‘ప్రథమ పురుష’ అవుతుందా?

(భీమవరం నుంచి ప్రశ్న)
కాలేజీ పత్రికకి వీడియో గేముల కెమెరా మీద వ్యాసం రాస్తున్నానండి. ఫస్ట్ పర్సన్‌ని, అంటే ఆటలో మనిషి కళ్ళలోంచి చూపించే కెమెరాని, ఒకరు ‘ప్రథమ పురుష’ అంటున్నారు, ఇంకొకరు ‘ఉత్తమ పురుష’ అంటున్నారు. ఏది రాయాలి?

(పాలకొల్లు నుంచి)
ఉత్తమ పురుషేనండి. మన వ్యాకరణంలో ‘వాడు, ఆమె, అది’ ప్రథమ పురుష. ‘నువ్వు, మీరు’ మధ్యమ. ‘నేను, మనం’ ఉత్తమ. ఇంగ్లిషు వరస దీనికి తలకిందులు. న్యాయంగా ‘ప్రథమ పురుష ఆట’ అంటే పబ్‌జీలో టీపీపీ (థర్డ్ పర్సన్, మనిషి వెనకనుంచి చూపించే కెమెరా) గుర్తుకు రావాలి!

అయితే ఆడేవాళ్ళ నోట ఈ లెక్క నిలవదు. సాయంత్రం మా కాలవగట్టు మీద బీజీఎంఐ (పబ్‌జీకి ఇండియా రూపం) ఆడే కుర్రాళ్ళని వినండి. ఆడేది టీపీపీ. మనిషి వీపు, హెల్మెట్, బ్యాగు తెర మీద కనపడుతూనే ఉంటాయి. అయినా ‘నన్ను నాక్ చేశాడ్రా, వచ్చి లేపరా’ అంటారు. ‘మనోడు పోయాడు’ అనేది వెనక నిలబడి చూసేవాడు.

మరి కెమెరాతో మారేదేంటి? ఎంత తెలుస్తుందన్నది. టీపీపీలో గోడచాటున నక్కి కెమెరా పక్కకి తిప్పితే, అవతల మెట్లెక్కి వచ్చేవాడు కనపడతాడు. వాడికి మనం కనపడం. ఎఫ్‌పీపీలో, అంటే ఫస్ట్ పర్సన్‌లో, ఆ సుఖం లేదు. చూడాలంటే తల బయటపెట్టాలి, పెడితే గుండు తగలొచ్చు. అడుగుల చప్పుడుని బట్టి వాడు పైనున్నాడా కిందున్నాడా అని ఊహించుకోవాలి. టెన్షనంతా అక్కడే. ఆటలో మునిగిపోయేది కూడా అందుకే.

(రాజోలు నుంచి)
మునిగిపోడానికి కళ్ళలోంచే చూపించాలని లేదండి. రెసిడెంట్ ఈవిల్ అనే భయపెట్టే గేముల్లో 1996 నాటి మొదటిదానిలో కెమెరాలు ఎక్కడివక్కడ బిగించి ఉంటాయి. మన మనిషి దూరంగా, చిన్నగా కనపడతాడు. మలుపు అవతల ఏదో ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు వినపడుతుంది గానీ కెమెరా అటు చూపించదు. 2005లో నాలుగోదానికి కెమెరాని భుజం వెనక్కి తెచ్చారు, 2017లో ఏడోదానికి ఏకంగా కళ్ళలోకి. నా మటుకు మొదటిదే ఎక్కువ భయం. ఏడోది ఆడితే భయం కంటే ముందు కళ్ళు తిరుగుతాయి. ముందుకి పోతున్నామని కన్ను, కుర్చీలోనే ఉన్నామని ఒళ్ళు, చెరోమాట చెప్తే తిరగవా మరి!

(నరసాపురం నుంచి)
క్రికెట్ గేములు వదిలేశారేంటండి? కెమెరా టీవీలో మ్యాచ్ చూపించినట్టు దూరంగా ఉంటుంది. సిక్స్ పడితే మావాడు ‘కొట్టా!’ అంటాడు. వికెట్ పడితే ‘ఛ, వాడు అవుటయ్యాడు’. ఒకే ఓవర్లో రెండు పురుషలు.

(భీమవరం నుంచి)
ఇది వ్యాసంలో పెట్టేస్తానండి. మరి టీపీపీకి ‘వెనక చూపు’ అనొచ్చా?

(పాలకొల్లు నుంచి)
వద్దండి, వెనక్కి చూడటం అనుకుంటారు. ‘భుజం వెనక కెమెరా’ అని రాసెయ్యండి, ఆడనివాళ్ళకి కూడా తెలుస్తుంది.