‘దహర్’ అంటే బెర్గ్‌సాన్ చెప్పిన కాలమేనా?

మూసీ తీరం:
1929 జనవరిలో కవి, తత్వవేత్త ఇక్బాల్ మద్రాసులోనూ ఆ తర్వాత హైదరాబాదులోనూ ఇచ్చిన ఉపన్యాసాలు మళ్లీ చదివాను. ‘కాలాన్ని దూషించకండి, అల్లాహ్‌యే కాలం’ అనే హదీసు (ప్రవక్త చెప్పిన మాట) అందులో ఉంది. ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సాన్ చెప్పిన అఖండ కాలప్రవాహంతో కలిపి చదివితేనే దాని లోతు తెలుస్తుందని నా నమ్మకం.

పాత కితాబు:
కాలానికి అక్కడున్న అసలు అరబీ మాట ‘దహర్’. అదే హదీసులో ‘రాత్రింబవళ్లను తిప్పేది నేనే’ అని అల్లాహ్ అన్న భాగాన్ని ఎందుకు వదిలేశారు? కష్టం రాగానే అరబ్బులు దహర్‌ను తిట్టేవారు. ఆ తిట్టు దాన్ని నడిపేవాడికే తగులుతుందని మందలింపు. ఇందులో బెర్గ్‌సాన్‌కు పనేమిటి?

జొన్నచేను:
ఇద్దరూ ఒకటే చెబుతున్నారు కదా.

పాత కితాబు:
కాదు. కాలాన్ని నడిపేవాడు వేరు, కాలం వేరు.

మూసీ తీరం:
ఇక్బాల్ బెర్గ్‌సాన్‌ను తలకెత్తుకోలేదు. శుద్ధకాలాన్ని, అంటే ఆ అఖండ ప్రవాహాన్ని, ఆత్మకన్నా ముందు నిలపడం పొరపాటని ఎదిరించారు. ఇస్లామీ పండితుడు ఫజ్లుర్ రహ్మాన్ కూడా 1982 నాటి పుస్తకంలో జర్మన్ తత్వవేత్త గాడమర్‌తో వాదానికి దిగారు. ఆయత్ (ఖురాన్ వాక్యం) అవతరించిన నాటి పరిస్థితికి వెళ్లి, ఉద్దేశం గ్రహించి, నేటికి తిరిగి రావాలన్నది రహ్మాన్ పద్ధతి. చదివేవాడు తన కాలపు ముందస్తు భావాల నుంచి పూర్తిగా బయటపడలేడన్న గాడమర్ మాటే నిజమైతే ఆ ప్రయాణమే కుదరదు. పాశ్చాత్యులను చదివినవాళ్లంతా లొంగిపోయారా?

పాత కితాబు:
దహర్ గురించి అడిగితే గాడమర్ దగ్గరికి వెళ్లారు. ఆ నాటి పరిస్థితికి వెళ్లమనే నేనూ అంటున్నాను.

మూసీ తీరం:
మీకు అరబీ వస్తే మేము నోరు మూసుకోవాలా? పదహారేళ్లప్పుడు మసీదు పాఠంలో ‘అంతా ముందే రాసి ఉంటే నేను చేసేదేమిటి’ అని అడిగాను. అందరి ముందూ నన్ను గద్దించి కూర్చోబెట్టారు. భవిష్యత్తు గీసిపెట్టిన గీత కాదని ఇక్బాల్ అన్నచోట నాకు ఏడుపొచ్చింది.

సాయంకాలం:
ఇద్దరూ కొంచెం నెమ్మదించండి.

పాత కితాబు:
ఆ ప్రశ్న మీదే ముతజిలీలు, అషరీలు అనే రెండు ఇస్లామీ వేదాంత వర్గాలు తరతరాలుగా వాదించుకున్నాయి. అది మీకు చెప్పకపోవడం ఘోరం. నా బాధ వేరు. మధ్యయుగపు ఇస్లామీ తత్వవేత్త గజాలీ మీద నేను రాసిన అధ్యాయాన్ని ‘సిద్ధాంతం ఏదీ’ అంటూ పరిశోధన పర్యవేక్షకుడు రెండుసార్లు తిప్పి పంపారు. ఒక ఫ్రెంచి తత్వవేత్త పేరు చేర్చాకే సంతకం పెట్టారు. గజాలీ మనకు ఆలోచన నేర్పగలవాడని ఎవరూ ఒప్పుకోరు. ఆయన మీద ఆలోచించే హక్కు మాత్రం అందరికీ ఉంది.

మూసీ తీరం:
ఇది మొదటే చెప్పవలసింది. గజాలీ నిలబడి బెర్గ్‌సాన్‌ను ప్రశ్నించే అధ్యాయం మీరు రాస్తే ముందు నేనే చదువుతాను. కానీ ఆ ప్రశ్నకు నాకు తలుపు తెరిచింది ఇక్బాల్. దాన్ని వదులుకోను.

పాత కితాబు:
వదులుకోమనలేదు. ‘రాత్రింబవళ్లను తిప్పేది నేనే’ అన్న మాటకు మీ జవాబు ఇంకా రాలేదు.