యూకేలో మొదటి చలికాలం: రూమ్ హీటరా, సెంట్రల్ హీటింగా?

ప్రశ్న (లెస్టర్)
అందరికీ నమస్కారం. ఆగస్టులో గుంటూరు నుంచి వచ్చాం. రెండు బెడ్‌రూముల టెర్రస్ ఇల్లు (పక్కిళ్లతో గోడలు కలిసిన వరుస ఇల్లు), నీళ్లు కాచే గ్యాస్ బాయిలర్, ఆ వేడినీళ్లతో గదులను వెచ్చబరిచే ఆరు రేడియేటర్లు. దీన్నే సెంట్రల్ హీటింగ్ అంటున్నారు. పాపకు తొమ్మిది నెలలు. హీటింగ్ వేస్తే జీతమంతా బిల్లుకే పోతుందని, గదికో హీటర్ కొనుక్కోమని ఆఫీసులో ఒకరన్నారు. రెండు కిలోవాట్ల ఫ్యాన్ హీటర్ చూసి పెట్టుకున్నాను. కొనేముందు అడుగుదామని. ఏది చౌక?

బర్మింగ్‌హామ్ నుంచి, పద్నాలుగేళ్లుగా ఇక్కడే
తమ్ముడూ, గ్యాస్ ఉన్న ఇంట్లో గదికో హీటర్ కొనకు. ఇక్కడ గ్యాస్ యూనిట్ (కరెంటులాగే ఒక కిలోవాట్-అవర్) 6 పెన్స్ చుట్టూ ఉంటుంది, కరెంటు యూనిట్ సుమారు 25 నుంచి 27. నాలుగు రెట్లకు పైనే. నీ రెండు కిలోవాట్ల హీటర్ గంట తిరిగితే రెండు యూనిట్లు, అంటే 50 పెన్స్. రోజుకు ఆరు గంటలు వేస్తే 3 పౌండ్లు, నెలకు 90. అదీ ఒక్క గదికే. ప్రైస్ క్యాప్ (కంపెనీలు వేసే ధరలకు నియంత్రణ సంస్థ పెట్టిన హద్దు) ఉందిగా అని ధీమాగా ఉండకు, అది ధరలకే, మొత్తం బిల్లుకు కాదు. ఎంత వాడితే అంత కట్టాల్సిందే. ఆ ధర కూడా మూడు నెలలకోసారి మారుతుంది.

కొవెంట్రీ నుంచి
హీటర్ సంగతి తర్వాత, ముందు మీ మీటర్ ఏ రకమో చూసుకోండి. 2019 చలికాలంలో మాకు జరిగింది చెప్తాను.

మాది టాపప్ మీటర్, ముందే డబ్బు వేసుకుని వాడుకునేది. కరెంటుకు కీ, గ్యాస్‌కు కార్డు. దుకాణానికి వెళ్లి గ్యాస్ కార్డులో 20 పౌండ్లు వేయించుకొస్తే రెండు రోజులకే అయిపోయేది. సెంట్రల్ హీటింగే తినేస్తోందనుకుని బాయిలర్ ఆపేశాం. ఒకే గదిలో హీటర్ పెట్టుకుని నెల రోజులు ఆ గదిలోనే తిని, అక్కడే పడుకున్నాం. మా ఆవిడకు అప్పుడు ఆరో నెల. ఈసారి కరెంటు కీ ఖాళీ కావడం మొదలైంది. ఇంట్లో రోజూ అదే టెన్షన్.

చివరికి పక్కింటి పంజాబీ పెద్దాయన వచ్చి గ్యాస్ మీటర్ బటన్ నొక్కి చూపించాడు. మాకు ముందున్నవాళ్ల బాకీ అందులో అలాగే ఉంది! మేం వేసిన ప్రతి 20లో కొంత ఆ బాకీకే పోతోంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఇంట్లో దిగిన రోజు రీడింగ్ ఫొటో అడిగారు. మా దగ్గర లేదు. ఏజెంట్ ఇచ్చిన చెక్-ఇన్ కాగితంలో రీడింగ్ రాసి ఉండబట్టి బతికాం. అగ్రిమెంట్ కాపీ పంపాం, మళ్లీ పంపమన్నారు, మళ్లీ పంపాం. మూడు వారాలకు బాకీ తీసేసి, కోసిన డబ్బు తిరిగిచ్చారు. ముందున్నవాళ్ల బాకీ మనం కట్టక్కర్లేదు. ఇల్లు మారిన రోజే రెండు మీటర్లకూ ఫొటో తీసి కంపెనీకి పంపండి.

మాంచెస్టర్ నుంచి
బర్మింగ్‌హామ్ అన్న చెప్పింది ఫ్యాన్ హీటర్ లెక్క. ఆయిల్ నింపిన హీటర్ తీసుకోండి, ఆపాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది. బిల్లు సగమే.

బర్మింగ్‌హామ్ నుంచి
సగం కాదండీ. కరెంటు హీటర్ ఏదైనా ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఆపాక మిగిలే వేడి, మొదట నూనె వేడెక్కడానికి లాగిన కరెంటే. తేడా అంతా మీరు చిన్న సెట్టింగ్‌లో పెట్టుకోవడం వల్ల.

మాంచెస్టర్ నుంచి
సరే, కానీ ఇంటి నుంచి పనిచేసేవాడి సంగతి వేరు. చిన్న గదిలో ఒక్కణ్ణే కూర్చుంటాను. 700 వాట్లు ఎనిమిది గంటలు అంటే 5.6 యూనిట్లు, 1.40 పౌండ్లు. దానికోసం ఇల్లంతా బాయిలర్‌తో వేడి చేయాలా? మిగతా రేడియేటర్లు మూసేయమనకండి, మా ఇంట్లో సగం వాల్వులు బిగుసుకుపోయాయి.

రెడింగ్ నుంచి
మీ ఇద్దరి లెక్కల్లో పాప సంగతి మర్చిపోయారు. చెల్లెమ్మకు చెప్పండి, చంటిబిడ్డ పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీలు ఉంటే చాలు. థర్మామీటర్ పెట్టి చూడండి. ఫ్యాన్ హీటర్ రాత్రంతా వేసి నిద్రపోవద్దు, ఎక్స్‌టెన్షన్‌లో అసలు పెట్టొద్దు, తీగ కాలిపోతుంది. వాడని గది రేడియేటర్ పూర్తిగా మూయకుండా వాల్వ్ 1 మీద ఉంచండి. చల్లటి గోడకు తడి చేరి నల్ల బూజు పడుతుంది, పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు. రేడియేటర్ మీద తడిబట్టలు ఆరేస్తే కిటికీ కాస్త తెరిచి ఉంచండి. ఏటా చేయించే గ్యాస్ సేఫ్టీ చెక్ కాగితం ఓనర్‌ను అడగండి. బాయిలర్ ఉన్నచోట కార్బన్ మోనాక్సైడ్ (వాసన తెలియని విషవాయువు) అలారం ఉందో లేదో చూడండి.

హాట్‌ఫీల్డ్ నుంచి, స్టూడెంట్
మా ఓనర్ హీటింగ్ రోజుకు రెండు గంటలే వేస్తాడు. హీటర్ పెట్టుకుంటే యూనిట్‌కు 40 పెన్స్ అడుగుతున్నాడు. అడగొచ్చా?

కొవెంట్రీ నుంచి
కుదరదు. తను కొన్న ధరకన్నా ఎక్కువకు కరెంటు అమ్మకూడదని రూల్ ఉంది.

బర్మింగ్‌హామ్ నుంచి
కరెంటుకు విడిగా వసూలు చేస్తేనే ఆ రూల్. అద్దెలోనే బిల్లులు కలిపితే వర్తించదు. బాబూ, ముందు అగ్రిమెంట్ చూడు, ఓనర్‌ను కంపెనీ బిల్లు చూపించమను.

లెస్టర్ తమ్ముడూ, నువ్వు మా ఎవరి మాటా నమ్మక్కర్లేదు. సాయంత్రం హీటింగ్ వేసేముందు గ్యాస్ మీటర్ చూడు, ఆపాక మళ్లీ చూడు. మీ మీటర్ క్యూబిక్ మీటర్లలో ఉంటే ఒక్కోటి సుమారు 11 యూనిట్లు. బాయిలర్ మీద రేడియేటర్లకు వెళ్లే నీటి ఉష్ణోగ్రత 75 అలా ఉంటే 60కి దించు. గది కాస్త నెమ్మదిగా వేడెక్కుతుంది, గ్యాస్ తక్కువ కాలుతుంది.

లెస్టర్
అన్నా, నిన్న ఆరు నుంచి పది వరకు వేశాం. మీటర్ 2.4 తిరిగింది. 26 యూనిట్లు, 1.60 పౌండ్లు అయినట్టుంది. ఇల్లంతా వెచ్చగా ఉంది, పాప గది 19. అదే నాలుగు గంటలు రెండు గదుల్లో హీటర్లు ఆపకుండా వేసుంటే 4 పౌండ్లు. హీటర్ కొనడం లేదు. కొవెంట్రీ అన్న చెప్పినట్టు మీటర్ ఫొటోలు పంపాను. బాయిలర్ మీద 70 ఉంది, ఇవాళ 60కి తగ్గించి మళ్లీ చూస్తాను.