అప్‌డేట్: అమ్మానాన్నలతో మొదటిసారి హైదరాబాద్, టూర్ బస్సా సొంతంగానా?

శ్రీకాకుళం నుంచి అమ్మానాన్నలను మొదటిసారి హైదరాబాద్ తీసుకెళ్తున్నాను, టూర్ బస్సు ఎక్కాలా, సొంతంగా తిరగాలా అని పోయిన నెల అడిగాను. వెళ్లొచ్చాం. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"సొంతంగానే తిరగండి, గోల్కొండలో మాత్రం గైడ్‌ను పెట్టుకోండి" అన్న సలహానే పనిచేసింది. కోట ప్రవేశ ద్వారం దగ్గర గైడ్ చప్పట్లు కొట్టి, ఆ శబ్దం కొండపైన ఉన్న బాలా హిస్సార్ దాకా ఎలా వినిపిస్తుందో చెబుతుంటే నాన్న అక్కడి నుంచి కదల్లేదు. గైడ్ లేకపోతే మాకవి ఉత్త గోడలే. మోకాళ్ల నొప్పితో అమ్మ పైదాకా ఎక్కలేకపోయింది, కింద నీడలో కూర్చుంది. అదే బస్సయితే టైమైపోతోందని టెన్షన్ పడేవాళ్లం.

పాతబస్తీలోని సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం సెలవని చెప్పినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మేం పాతబస్తీ పెట్టుకున్నది శుక్రవారమే! శనివారానికి మార్చాం. మ్యూజియంలో గంటలు కొట్టే గడియారాన్ని అమ్మ రెండుసార్లు చూసింది.

భాష గురించి నేను పడ్డ భయం అనవసరం, అంతటా తెలుగుతోనే సరిపోయింది. మెట్రో చార్మినార్ దాకా లేదు, ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాం.