అనునాదం వద్ద కొహెరెన్స్ పడిపోతే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌ను నమ్మవచ్చా?

ప్రశ్న:
ఉక్కు దూలాన్ని షేకర్‌తో (కంపనాలు పుట్టించే యంత్రంతో), యాదృచ్ఛిక బలంతో కంపింపజేసి, బలాన్నీ త్వరణాన్నీ కొలిచి హెచ్1 పద్ధతిలో ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌ను (ఒక్కో పౌనఃపున్యం వద్ద బలానికి స్పందన ఎంత అన్న నిష్పత్తిని) అంచనా వేస్తున్నాను. 30 రికార్డుల సగటు తీసుకున్నా మొదటి అనునాదం వద్ద కొహెరెన్స్ (స్పందనలో ఎంత భాగం కొలిచిన బలంతో రేఖీయంగా ముడిపడి ఉందో 0 నుంచి 1 వరకు చెప్పే కొలమానం) 0.6కు పడిపోతోంది. కంపన నియంత్రకాన్ని దీని ఆధారంగానే రూపొందించాలి. ఈ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చు?

మొదటి సమాధానం:
అనునాదం వద్ద దూలం స్వల్ప బలానికే విపరీతంగా కదులుతుంది కనుక, షేకర్ నుంచి అందే బలం అక్కడ బాగా తగ్గి, బల సెన్సర్ నాయిస్‌లో దాదాపు కలిసిపోతుంది. హెచ్1లో క్రాస్ స్పెక్ట్రమ్‌ను (ఒక్కో పౌనఃపున్యం వద్ద రెండు సంకేతాల ఉమ్మడి భాగాన్ని) ఇన్‌పుట్ ఆటోస్పెక్ట్రమ్‌తో (బల సంకేతపు సొంత శక్తితో) భాగిస్తాము. ఆ హారంలో నాయిస్ చేరితే శిఖరం ఉన్నదానికన్నా పొట్టిగా కనిపిస్తుంది. అక్కడ హెచ్2ను (అవుట్‌పుట్, అంటే త్వరణపు ఆటోస్పెక్ట్రమ్‌ను క్రాస్ స్పెక్ట్రమ్‌తో భాగించే పద్ధతిని) వాడండి. స్పందన కనిష్ఠమయ్యే ప్రతి-అనునాదాల వద్ద మాత్రం హెచ్1 మేలు.

రెండవ సమాధానం:
నాయిస్‌ను నిందించే ముందు లీకేజీని (రికార్డు నిడివి పరిమితం కావడంతో ఒక పౌనఃపున్యపు శక్తి పక్క రేఖలలోకి చిందడాన్ని) పరిశీలించండి. డంపింగ్ (కంపనాలను అణచే గుణం) స్వల్పమైతే సన్నని శిఖరం రెండు పౌనఃపున్య రేఖల మధ్య ఇరుక్కుపోతుంది. సగటులు ఎన్ని పెంచినా ఈ దోషం పోదు. హానింగ్ విండోతో (రికార్డు రెండు చివరలనూ క్రమంగా సున్నాకు తగ్గించే భారాలతో), ఒక్కో రికార్డు నిడివిని నాలుగు రెట్లు చేసి చూడండి. కొహెరెన్స్ గణనీయంగా పెరిగితే ప్రధాన కారణం లీకేజీయే. (ఒకే రికార్డుతో లెక్కిస్తే కొహెరెన్స్ ఎప్పుడూ 1 వస్తుంది, దానిని చూసి మురిసిపోయినవారిలో నేనూ ఉన్నాను.)

మూడవ సమాధానం:
నియంత్రకాన్ని బిగించిన తరువాత మళ్లీ కొలిచేటప్పుడు జాగ్రత్త అవసరం. ఫీడ్‌బ్యాక్ వల్ల అవుట్‌పుట్‌లోని నాయిస్ ఇన్‌పుట్‌లోకి తిరిగి వస్తుంది కనుక హెచ్1 అంచనా పక్కదారి పడుతుంది. బయటినుంచి ఇచ్చిన ఉత్తేజన సంకేతంతో స్పందనకూ, అదే సంకేతంతో బలానికీ ఉన్న క్రాస్ స్పెక్ట్రమ్‌ల నిష్పత్తిని తీసుకోండి.