సెలవుల్లో కెమెరాతో దొరికే నెమ్మది హాస్టల్‌కు వెళ్ళేలోపే పోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: ఇంటర్ విద్యార్థి, హన్మకొండ

నేను ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతూ కాలేజీ హాస్టల్‌లో ఉంటున్నాను. అక్కడ ఫోనే ఉంచుకోనివ్వరు, ఇక కెమెరా మాట చెప్పనక్కర్లేదు. దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చినప్పుడు, మా అన్నయ్య వాడి పక్కన పెట్టిన పాత నికాన్ కెమెరా, దానితో వచ్చిన 18–55 లెన్సు పట్టుకుని తెల్లవారుతుండగానే వడ్డేపల్లి చెరువు గట్టుకో, ఖిలా వరంగల్‌కో వెళ్తాను. అక్కడ ఉన్నంతసేపు వారాంతపు టెస్టులూ ర్యాంకులూ గుర్తుకే రావు. అయితే సెలవులు సగం గడిచేసరికి తిరిగి వెళ్ళాలన్న దిగులు మొదలై, ఈలోపే ఒక గొప్ప ఫోటో తీసేయాలనీ, రామప్ప, లక్నవరం, పాకాల అన్నీ చుట్టేయాలనీ ఆత్రం పట్టుకుంటోంది. ఇన్‌స్టాలో పెట్టినవాటిని ఎవరూ పట్టించుకోకపోతే అది ఇంకా పెరుగుతోంది. నాన్నగారేమో ఎప్‌సెట్ (పాత ఎంసెట్) అయ్యేదాకా కెమెరా ముట్టవద్దంటున్నారు. ఉన్న ఈ కాస్త నెమ్మదిని ఎలా నిలుపుకోవాలి?

జవాబు: పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్, వరంగల్

తమ్ముడూ, రామప్ప గుడి 1213 నుంచి అక్కడే ఉంది, నీ పరీక్షలయ్యాక కూడా ఉంటుంది. ఈ సంక్రాంతికి ఒక్క ఖిలా వరంగల్ కోటనే పెట్టుకో. అక్కడి నాలుగు కీర్తితోరణాలు (చెక్కిన రాతి ద్వారాలు) నాలుగు దిక్కులకు ఉన్నాయి కాబట్టి ఒకే ఎండ ఒక్కోదాని మీద ఒక్కోలా పడుతుంది. చలికాలం సూర్యుడు కాస్త దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు కనుక, దక్షిణ తోరణం బయటివైపు ఎండ పక్కవాటుగా జారుతూ వెళ్తుంది. అప్పుడు ప్రతి చెక్కడం పక్కనా సన్నని నీడ గీత ఏర్పడి, నడినెత్తి ఎండలో చదునుగా కనిపించే రాయే ఉబ్బెత్తుగా లేచి నిలుస్తుంది. ఆ నీడలు కురచబడేదాకా కదలకుండా చూస్తూ ఉంటే ఆత్రానికి చోటుండదు. 18–55తో దూరాన ఉన్న పక్షుల జోలికి పోకు, చుక్కల్లా వస్తాయి, చిరాకు తప్ప ఏమీ మిగలదు. ట్రైపాడ్ మాత్రం తీసుకెళ్ళకు, రక్షిత కట్టడాల దగ్గర దానికి ముందస్తు అనుమతి కావాలి.

జవాబు: అధ్యాపకురాలు, నర్సంపేట

బాబూ, పాకాల చెరువు చుట్టూ ఉన్నది అభయారణ్యం కాబట్టి అక్కడికి పొద్దున్నే ఒంటరిగా వెళ్ళే ఆలోచన మానుకో. ఏ చెరువు దగ్గరైనా ఫ్రేమ్ చూసుకుంటూ వెనక్కి అడుగు వేయడం ప్రమాదం, నాచు పట్టిన తూము మెట్ల మీద మరీను. మీ నాన్నగారితో వాదనకు దిగకుండా, ఏ వేళకు వెళ్ళి ఏ వేళకు వస్తావో ముందే చెప్పి ఆ మాట నిలబెట్టుకుంటే చాలావరకు ఒప్పుకుంటారు. తల్లిదండ్రుల భయం కెమెరా గురించి కాదు, చదువు చెయ్యి దాటిపోతుందేమోనని. ఒకవేళ హాస్టల్‌లో నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం వంటివి రోజుల తరబడి ఉంటే దాన్ని సెలవుల దిగులని సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు.

జవాబు: బీటెక్ విద్యార్థి, కాజీపేట

హాస్టల్ బతుకు నేనూ చూశాను కనుక చెబుతున్నాను: సెలవులు అయిపోయేదాకా ఇన్‌స్టా తెరవవద్దు. తీసినవాటిలో నచ్చిన నాలుగైదు స్టూడియోలో ప్రింటు వేయించుకుని పెట్టె మూతకు లోపలివైపు అంటించుకో, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పై అన్న చెప్పినట్టు ఎప్పుడూ ఒక్క చోటికే వెళ్ళాలంటే మాత్రం నేను ఒప్పుకోను. దసరాకు పొలం గట్ల మీద తెల్లని గునుగు, పసుపుపచ్చని తంగేడు ఉంటాయి, బతుకమ్మ కోసం వాటిని కోసుకొచ్చేవాళ్ళు పొద్దున్నే కనిపిస్తారు. ఆ రోజుల్లో కోటలో కూర్చోవడం నష్టమే. కాకపోతే ఎవరి ఫోటో తీసినా ముందు అడుగు. ఏ రోజైనా కెమెరా ఇంట్లో పెట్టి వెళ్ళి చూడు, నెమ్మది వచ్చేది లెన్సు వల్లనా గట్టు వల్లనా అన్నది నీకే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఎనిమిదిన్నరలోపు ఇంటికి రావాలన్న షరతు మీద నాన్నగారు ఒప్పుకున్నారు. అన్నా, దక్షిణ తోరణం దగ్గర ఎండ పడ్డ రాయి తెల్లగా పాలిపోతోంది, నీడలో ఉన్నది నల్లగా మిగులుతోంది. రెండూ కలిసి రావాలంటే ఏం చేయాలి?

పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్:

రెండూ పూర్తిగా రావు తమ్ముడూ, రావాల్సిన అవసరమూ లేదు. ఎండ పడ్డ రాయిలో గరుకు కనిపించేదాకా ఎక్స్‌పోజరు (కెమెరా తీసుకునే వెలుతురు) తగ్గించి, RAW ఫైలులో, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైలులో తీసి, నీడను తరవాత కొద్దిగా మాత్రమే పైకి లేపు. ఎక్కువ లేపితే పాత కెమెరాలో గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి.