రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) రెమిషన్‌లోకి, అంటే జబ్బు దాదాపు పూర్తిగా అణిగిన స్థితికి, వచ్చినవాళ్ళు ఉన్నారా? మందులు ఎలా తగ్గించారు?

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి, నాకు 42 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది, ఈ జబ్బుకి చేసే యాంటీ సీసీపీ రక్తపరీక్ష పాజిటివ్. మొదట్లో పొద్దున్న లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగిసేది కాదు. పాపకి జడ వేస్తుంటే పాయలు వేళ్ళలోంచి జారిపోయేవి. పాపే నా చేతులు పట్టుకుని "వద్దులే అమ్మా, పక్కింటి అక్క చేత వేయించుకుంటాను" అనేది.

వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, మర్నాడు ఫోలిక్ యాసిడ్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాను. చెకప్‌కి రైల్లో విశాఖ వెళ్తాం. ఎనిమిది నెలలుగా వాపు లేదు. మొన్న జబ్బు తీవ్రతని కొలిచే డాస్28 స్కోరు 2.4 వచ్చింది. 2.6 కన్నా తక్కువైతే రెమిషన్ అంటారని డాక్టరుగారు చెప్పగానే అక్కడే ఏడ్చేశాను. ఇంకో ఆరు నెలలు ఇలాగే ఉంటే డోసు మెల్లగా తగ్గిద్దామన్నారు.

మా అత్తగారేమో "తగ్గిపోయింది కదమ్మా, ఇంకా ఆ బిళ్ళలెందుకు, పసరు మందు తాగు" అంటున్నారు. నిరుడు ఆవిడ మాట విని నెల ఆపితే మోకాళ్ళు వాచిపోయి మంచం దిగలేకపోయాను. మళ్ళీ ఆ తప్పు చెయ్యను. మా పుట్టిల్లు ఉద్దానంలో, సోంపేట దగ్గర. అక్కడ ఎక్కువగా ఉండే కిడ్నీ జబ్బులు కళ్ళారా చూసినదాన్ని, కిడ్నీలకి ఏమవుతుందోనని నొప్పి బిళ్ళ మింగాలన్నా భయమే.

డాక్టరు సలహాతో డోసు తగ్గించుకున్నవాళ్ళు దయచేసి చెప్పండి. ఎంత కాలం బాగున్నారు? నొప్పులు తిరగబెడితే, పాత డోసుకి వెళ్ళాక మళ్ళీ అదుపులోకి వచ్చాయా?