వైపర్ ట్యాంకులో ఇంట్లో కలిపిన నీళ్లు పోయొచ్చా, కొన్నదే పోయాలా?

ఖమ్మం_కారు:
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం రాత్రి విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. సూర్యాపేట దగ్గర పురుగులు అద్దానికి కొట్టుకుని చారలు పడ్డాయి. వైపర్ నీళ్లు కొట్టాను. అవి నేనే ఇంట్లో కలిపి పోసినవి: ట్యాంకు నిండా బోరు నీళ్లు, అందులో రెండు షాంపూ ప్యాకెట్లు. కొట్టగానే నురగ లేచింది, వైపర్ దాన్ని అద్దమంతా పులిమేసింది. అదే సమయానికి అవతలి వైపు లారీల లైట్లు పడి ముందంతా తెల్లగా అయిపోయింది. మూడు సెకన్ల పాటు రోడ్డు కనిపించలేదు. 80 స్పీడులో మూడు సెకన్లంటే దాదాపు 67 మీటర్లు. వెనక సీట్లో పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. ఆ భయం నాకింకా పోలేదు.

మా బావ "ఇంట్లో కలపడమే తప్పు, కొన్నదే పోయాలి" అంటున్నాడు. నాకేమో తప్పు కలపడంలో కాదు, నేను కలిపిన తీరులో ఉందనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

క్యాబ్_అన్న:
తమ్ముడూ, పిల్లలు క్షేమం, ముందు అది చాలు. 12 ఏళ్లుగా హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతున్నాను. ట్యాంకులో పోసేది ఉత్త మంచినీళ్లే. పొద్దున్నే బండి తీసే ముందు తడిగుడ్డతో అద్దం తుడుస్తాను, తర్వాత వైపర్ రబ్బరు అంచు తుడుస్తాను. ఆ అంచుకు పట్టిన నల్లమట్టి వల్లే సగం చారలు పడతాయి. షాంపూ వద్దు, సర్ఫు వద్దు, కొన్న సీసా కూడా వద్దు.

కెమిస్ట్రీ_టీచర్:
ఖమ్మం గారూ, మీరు అనుకున్నదే నిజం. మీ దగ్గర రెండు పొరపాట్లు జరిగాయి.

మొదటిది షాంపూ. జుట్టు మెత్తగా ఉండాలని చాలా షాంపూల్లో సిలికాన్ నూనెలు కలుపుతారు. జుట్టుకు మేలు చేసే ఆ పొరే అద్దానికి పడితే రాత్రిపూట లైటు చెదిరిపోతుంది. పైగా రెండు లీటర్ల నీళ్లకు రెండు ప్యాకెట్లు చాలా ఎక్కువ. రెండోది బోరు నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆరాక తెల్లమచ్చలుగా మిగులుతాయి, నీళ్లు చిమ్మే సన్నటి నాజిల్ రంధ్రాల్లో గట్టిపడతాయి. ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లను వృథా చేయకూడదని కొందరు ఇందులో పోస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మామూలు నీళ్లకన్నా వాటిలో ఉప్పు ఎక్కువ. వాటితో వాకిలి కడగండి.

అలాగని ఉత్త నీళ్లు చాలవు క్యాబ్ అన్నా. పురుగుల చారలో ప్రోటీను, కొవ్వు ఉంటాయి. రోడ్డు మీద లేచే తుంపరలో నూనె, మసి ఉంటాయి. వాటి మీద నీరు పరుచుకోదు, బొట్లు బొట్లుగా జారిపోతుంది. అది పరుచుకోవడానికి ఏదో ఒకటి కొంచెం కావాలి. నేను వాడేది ఇది: రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్, అంటే పెట్రోల్ బంకుల్లో బ్యాటరీ వాటర్ పేరుతో దొరికేది. లేబుల్ చూసి తీసుకోండి, పక్కనే బ్యాటరీ యాసిడ్ సీసా కూడా ఉండొచ్చు. అందులో అర టీస్పూనుకు మించకుండా సిలికాన్ లేని, రంగులేని పిల్లల షాంపూ, దానికి 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్. ట్యాంకులో పోసే ముందు ఒక సీసాలో వేసి గట్టిగా ఊపి చూడండి. నురగ నిలిచిపోతే మోతాదు ఎక్కువైనట్టే. తర్వాత ఇంట్లో పాత అద్దం మీద కొంచెం రాసి ఆరనివ్వండి. చార మిగిలితే కారులో పోయొద్దు.

కార్‌కేర్_షాపు:
ఈ లిక్విడ్లు అమ్మేవాడినే, ముందే చెబుతున్నాను. టీచర్ గారి లెక్క బాగుంది కానీ దాన్ని అంత కచ్చితంగా పాటించేది ఎంతమంది? మా దగ్గరికి వచ్చే బండ్లలో అంట్లు తోమే లిక్విడ్ పోసి పంపు నురగతో నింపేసినవి, వెనిగర్ పోసి కారంతా పుల్లటి వాసన పట్టినవి ఉంటాయి. ఆకుపచ్చ రంగు చూసి వాషర్ ట్యాంకులో కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, పోసినవాళ్లూ ఉన్నారు. కూలెంట్ జిడ్డుగా ఉంటుంది, అద్దం మీద పడితే మీకు ఆదివారం జరిగినదానికన్నా ఘోరంగా ఉంటుంది. కొన్న కాన్సంట్రేట్‌కు, అంటే నీళ్లలో కలుపుకునే చిక్కటి లిక్విడ్‌కు, సీసా మీదే కొలత ఉంటుంది. ఇంకో మాట. ఇప్పటి హెడ్‌లైట్ కవర్లు గాజు కాదు, పాలికార్బొనేట్. స్పిరిట్ పదే పదే పడితే వాటిలో సన్నటి పగుళ్లు రావచ్చు.

కెమిస్ట్రీ_టీచర్:
హెడ్‌లైట్ల మీదకు కూడా నీళ్లు కొట్టే కార్లకు మీ మాటే సరైనది, వాళ్లు ఆల్కహాల్ మానేయాలి. కానీ కొలత పాటించరు కాబట్టి ఎవరూ కలపకూడదు అనడం ఒప్పుకోను. చారులో ఉప్పు ఎంత వేయాలో తెలిసినవాళ్లకు అర టీస్పూను కొలవడం చేతకాదా?

లీడ్స్_నర్సు:
క్యాబ్ అన్నా, మీతో ఒక మాట చెప్పాలి. నేను ఇంగ్లాండ్‌లో నర్సుని. లెజియోనెల్లా అనే బాక్టీరియా వల్ల వచ్చే తీవ్రమైన న్యుమోనియా ఒకటి ఉంది. ఇక్కడ డ్రైవర్లలో అది ఎక్కువగా ఎందుకు వస్తోందని పరిశీలించి, 2010లో ఒక అధ్యయనం వెలువరించారు. వాషర్ ట్యాంకులో ఏమీ కలపని ఉత్త నీళ్లు వాడటం ఒక ముప్పుగా తేలింది. ఇంగ్లాండ్, వేల్స్‌లలో విడివిడిగా వచ్చే ఈ కేసుల్లో ఐదో వంతు దాకా కేవలం స్క్రీన్‌వాష్, అంటే అద్దం కడిగే లిక్విడ్, కలిపితే ఆపవచ్చని వాళ్ల అంచనా. ఈ బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది. చలిదేశంలోనే ఇంత ఉంటే, మన ఎండల్లో బానెట్ కింద రోజంతా వేడెక్కే నీళ్ల సంగతి ఆలోచించండి. ఆ తుంపర కారు లోపలికి కూడా వస్తుంది, దాన్ని మీరు పీలుస్తారు.

క్యాబ్_అన్న:
అమ్మా, ఇన్నేళ్లలో నాకేమీ కాలేదు. నా ట్యాంకు రెండు రోజులకే ఖాళీ అవుతుంది, నీళ్లు నిలవ ఉండవు.

లీడ్స్_నర్సు:
రెండు రోజులకు మారుతున్నాయంటే కొంత నయం అన్నా. కానీ ట్యాంకు గోడలకు జారుడు పట్టి ఉంటే కొత్త నీళ్లలోకి కూడా అదే చేరుతుంది. ఒక్కసారి పూర్తిగా ఖాళీ చేసి కడిగించండి. మీరు రోజుకు పది గంటలు ఆ సీట్లో ఉంటారు, అందుకే ఇంతగా చెబుతున్నాను. ఇంట్లో కలిపినదైనా నెలలు నిలవ ఉంచకూడదు. కొంచెం ఆల్కహాల్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు.

మిషిగన్_తెలుగు:
అమెరికా, కెనడా వెళ్లే మన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే: టీచర్ గారి మిశ్రమం అక్కడ పనికిరాదు. చలికాలంలో గడ్డకట్టి ట్యాంకు, పంపు పగలగొడుతుంది. ఇక్కడ మైనస్ 20 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 29 సెల్సియస్ దాకా పనిచేసే గ్యాలన్ సీసాలు కొద్ది డాలర్లకే దొరుకుతాయి. అదే కొనండి. గడ్డకట్టకూడదని ఇంట్లో మిథనాల్ అనే విష ఆల్కహాల్ తెచ్చి కలిపే ఆలోచన మాత్రం ఎక్కడా, ఎవరూ చేయొద్దు. అది నోట్లోకి వెళ్తే కొన్ని మిల్లీలీటర్లకే చూపు పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. అది కలిసిన వాషర్ ద్రవాలను చవక మద్యంగా తాగి చనిపోతున్నారని యూరోపియన్ యూనియన్ 2018లో నిబంధన తెచ్చి, ప్రజలకు అమ్మే వాషర్ ద్రవాల్లో మిథనాల్‌ను 0.6 శాతం లోపుకు కట్టడి చేసింది.

కొన్నదైనా, కలిపినదైనా మిగిలితే నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టకండి. కొన్న ద్రవం నీలం రంగు చూస్తే చిన్నపిల్లలకు అది తాగేదే అనిపిస్తుంది.

ఖమ్మం_కారు:
మిషిగన్ అన్నా, మీ చివరి మాట చదవగానే లేచి డిక్కీ తెరిచాను. మిగిలిన షాంపూ నీళ్లు నేను లీటరు నీళ్ల సీసాలోనే పెట్టాను. పారబోశాను.

ఈ రోజు ట్యాంకు ఖాళీ చేయించి, మూడుసార్లు కడిగించి, నాజిళ్లు సన్న పిన్నుతో శుభ్రం చేశాను. టీచర్ గారి కొలతతోనే కలిపాను. మొదటిసారి సీసా ఊపితే నురగ నిలిచింది, అర టీస్పూను కూడా ఎక్కువే అయిందన్నమాట. సగానికి తగ్గించాను. ఒక సందేహం. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు ఉండవు కదా, బ్యాటరీ వాటర్ బదులు అవి వాడొచ్చా?

కెమిస్ట్రీ_టీచర్:
లవణాలు తక్కువే. వడగట్టి వాడొచ్చు అంటాను.

లీడ్స్_నర్సు:
నేను వద్దంటాను టీచర్ గారూ. అవి ఏసీ ట్రేలో దుమ్ముతో కలిసి నిలిచిన నీళ్లు. వడగడితే దుమ్ము పోతుంది, బాక్టీరియా పోదు.

క్యాబ్_అన్న:
తమ్ముడూ, బయట అంతా చేశావు. అద్దం లోపలివైపు తుడిచావా? ఎండకు డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి లేచే ఆవిరి లోపల పొరలా పడుతుంది. రాత్రి లైట్లు చెదరడంలో దాని పాత్ర కూడా ఉంటుంది. పొడిగుడ్డతో ఒకసారి రుద్ది చూడు.

ఖమ్మం_కారు:
ఇప్పుడే రుద్దాను అన్నా. తెల్లగుడ్డ బూడిదరంగుకు తిరిగింది. మూడేళ్లలో ఒక్కసారి కూడా తుడవలేదు. టార్చి వేసి చూస్తే తుడిచిన చోటుకూ తుడవని చోటుకూ మధ్య గీత గీసినట్టు కనిపిస్తోంది.